నన్నెవురన్నా అడిగినారా?

మా చిన్నమ్మను దామలచెరువు అవతల ఒక పల్లెకు ఇచ్చారు. పెళ్లిలో తాత పసుపుకుంకుమ కింద రెండెకరాల మామిడి తోట ఇచ్చాడు, ఇచ్చాడంటే పదిమందిలో మాటగా చెప్పాడు, కాగితం మాత్రం ఆమె పేరు మీదికి మారలేదు. చిన్నాయన తాగుతాడని, చెయ్యి చేసుకుంటాడని ఏడాది తిరక్కుండానే మా ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. పండక్కి వచ్చినప్పుడల్లా వీపు మీద కమిలిన మచ్చలుండేవి. అవ్వ వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడుతూ "సర్దుకోమ్మా, బిడ్డ పుడితే మారతాడు" అనేది. మామలిద్దరూ ఆ మచ్చలు చూసీ చూడనట్టు బయటికి వెళ్లిపోయేవాళ్లు. ఆరేళ్లు అట్లాగే గడిచాయి.

ఏడో ఏడు మామిడికి మంచి ధర వచ్చింది. చిన్నాయన వాళ్లు మా వాళ్లకు చెప్పకుండా తోటను మూడేళ్లకు గుత్తకిచ్చేసి డబ్బు తీసుకున్నారు. ఆ సంగతి తెలిసిన రెండో రోజే మామలు ట్రాక్టరులో పదిమందిని ఎక్కించుకుని కట్టెలతో బయల్దేరారు. నాకప్పుడు పదిహేనేళ్లు. మా వాకిట్లో నిలబడి పెద్దమామ అరిచిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మా చెల్లెలి మీద చెయ్యేస్తే చూస్తా ఊరుకుంటామా?"

ఆ గొడవలో చిన్నాయన తమ్ముడి చెయ్యి విరిగింది. అడ్డమొచ్చిన చిన్నమ్మ అత్త కింద పడితే తుంటి ఎముక విరిగింది. ఆ ముసలామె మళ్లీ మంచం దిగలేదు, రెండేళ్లకు పోయింది, ఆ రెండేళ్లూ ఆమెకు అన్నీ మంచంలోనే చేసింది చిన్నమ్మే. రెండు పక్కలా కేసులయ్యాయి. చివరికి చింతచెట్టు కింద పంచాయితీ పెట్టి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గట్టు ఎక్కడ, బోరు ఎవరిది, గుత్త డబ్బెంత అని తేల్చుకున్నారు. అందరూ లేచి తువ్వాళ్లు దులుపుకునేటప్పుడు ఒక పెద్దమనిషి "ఆ పిల్లను బాగా చూసుకోండబ్బా" అన్నాడు. చిన్నమ్మ గురించి జరిగిన చర్చ అంతే. సగం తోట మామలకు వచ్చింది. చిన్నమ్మ అదే ఇంటికి తిరిగి పోయింది, ఈసారి ఆ ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఆమె మీద కక్ష.

పోయే ముందు రాత్రి బావి దగ్గర గిన్నెలు తోముతూ మా అమ్మతో అంది: "అందురూ నా కోసరమే అంటావుండారు. కొట్టింది నన్నే, తోటా నాదే. నన్నెవురన్నా అడిగినారా అక్కా?"

యుద్ధాల గురించి రాద్దామని కూర్చున్నాను, ఆడవాళ్ల హక్కుల పేరు చెప్పి చేసే యుద్ధాల గురించి. చాలాసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. చిన్నమ్మ మాట దగ్గర్నుంచి తప్ప ఇంకెక్కడ్నుంచీ నాకు దారి దొరకలేదు.

2001 నవంబర్‌లో నేను తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదువుతున్నాను. టీవీ గదిలో రాత్రి భోజనాలయ్యాక అందరం నేల మీద కూర్చుని వార్తలు చూసేవాళ్లం. అక్టోబర్ 7న ఆఫ్ఘనిస్తాన్ మీద అమెరికా బాంబులు మొదలయ్యాయి, నవంబర్ 13న కాబూల్ నుంచి తాలిబన్లు పోయారు, మొహం మీది బుర్ఖా ఎత్తి నవ్వుతున్న ఒకామె బొమ్మ తెర మీద మళ్లీ మళ్లీ వచ్చింది. మేము చప్పట్లు కొట్టాం. నిజంగా కొట్టాం, మా గదిలో ఒకమ్మాయి ఏడ్చింది కూడా. నాలుగు రోజుల తర్వాత అధ్యక్షుడు బుష్ భార్య లారా బుష్, ప్రతి వారం ఆయన చేసే రేడియో ప్రసంగాన్ని ఆయన బదులు తానే చేసింది. అధ్యక్షుడి భార్య ఆ ప్రసంగం మొత్తం తానే చదవడం అదే మొదటిసారట. ఉగ్రవాదం మీద పోరాటం ఆడవాళ్ల హక్కుల కోసం, గౌరవం కోసం పోరాటం కూడా అంది. మాకు ఎంత నచ్చిందో ఆ మాట! ఆడపిల్లలు చదవాలని 1983లో కట్టిన చదువుల ఇంట్లో కూర్చుని, చదువు లేకుండా చేసిన ఊళ్లో తలుపులు తెరుచుకుంటున్నాయని చూస్తున్నాం కదా. ఆ రోజు నాకు చిన్నమ్మ గుర్తు రాలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

గుర్తొచ్చి ఉంటే ఒక్క ప్రశ్న అడిగేదాన్ని: ఆఫ్ఘన్ ఆడవాళ్లు ఏమంటున్నారు?

వాళ్లు అప్పటికే చెబుతున్నారు, గట్టిగానే చెబుతున్నారు. రావా అని ఆఫ్ఘన్ మహిళల సంఘం ఒకటుంది, 1977లో కాబూల్‌లో మీనా అనే అమ్మాయి మొదలుపెట్టింది. సోవియట్ సైన్యాన్నీ ఎదిరించింది, మతం పేరుతో తుపాకీ పట్టినవాళ్లనూ ఎదిరించింది, 1987లో పాకిస్తాన్‌లోని క్వెట్టాలో ఆమెను చంపేశారు. ఆమె తర్వాత ఆ సంఘం ఆడవాళ్లు రహస్యంగా బడులు నడిపారు. 1999లో కాబూల్ స్టేడియంలో జనం మధ్య ఒకామెను కూర్చోబెట్టి తాలిబన్లు కాల్చి చంపినప్పుడు, బుర్ఖా చాటున కెమెరా దాచి తీసింది వాళ్లే. దొరికితే వాళ్లకూ అదే గతి. ఆ వీడియో 2001లో ప్రపంచమంతా తిరిగింది, తాలిబన్లు ఎంత క్రూరులో చూడండని, బాంబులు వెయ్యడం న్యాయమేనని చెప్పడానికి. కానీ ఆ వీడియో తీసిన ఆడవాళ్లే బాంబులు వద్దన్నారు. తాలిబన్లను దించి వాళ్ల జాగాలో, వాళ్లతో కొట్లాడుతున్న నార్తర్న్ అలయన్స్ అనే తుపాకీ ముఠాల నాయకులను ఎక్కించకండి, 1992 నుంచి 1996 దాకా కాబూల్‌ను నాశనం చేసి ఆడవాళ్లను చెరిచింది వాళ్లేనని మొత్తుకున్నారు. బొమ్మ తీసుకున్నారు, మాట వదిలేశారు. మా హాస్టల్ టీవీ దాకా ఆ మాట రానే లేదు.

అసలు ఆ తుపాకులు ఎవరివి? 1980లలో సోవియట్‌తో కొట్లాడటానికి ముజాహిదీన్ అనే ఆఫ్ఘన్ సాయుధ ముఠాలకు పాకిస్తాన్ ద్వారా డబ్బూ ఆయుధాలూ పంపింది అమెరికానే, అందులో పెద్ద వాటా అందుకున్నవాడు ఆ ముఠా నాయకుల్లో ఒకడైన గుల్బుద్దీన్ హెక్మత్యార్. అప్పుడు ఆఫ్ఘన్ ఆడవాళ్ల హక్కులు ఎవరికీ గుర్తు రాలేదు. 2016లో కాబూల్ ప్రభుత్వం అతనితో ఒప్పందం చేసుకుని పాత నేరాలకు శిక్ష లేకుండా చేసింది, మరుసటి ఏడాది అతను దర్జాగా ఊళ్లోకి వచ్చాడు. మలాలై జోయా అనే అమ్మాయి మాత్రం 2003 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో లేచి, ఈ నేరస్థులను ఇక్కడ ఎందుకు కూర్చోబెట్టారని అడిగితే మైకు కట్ చేశారు. తర్వాత జనం ఓట్లేసి పార్లమెంటుకు పంపారు, 2007లో అక్కడి నుంచీ సస్పెండ్ చేశారు. అమెరికా సైన్యం కాపలా ఉన్న కాబూల్లోనే ఇదంతా.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఒక కాగితం. 2010 మార్చిలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ లోపల రాసుకున్నది, రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ బయటపెట్టింది. ఫ్రాన్స్, జర్మనీల్లో జనానికి ఈ యుద్ధం మీద విసుగొస్తోంది, వాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను ఒప్పించాలంటే ఆఫ్ఘన్ ఆడవాళ్ల చేత మీడియాలో మాట్లాడించడం మంచి ఉపాయం అని అందులో ఉంది. ఆడవాళ్లకు ఏం కావాలో కనుక్కోవడానికి కాదు, వాళ్ల నోటితో ఏం పలికించాలో చూసుకోవడానికి. పదేళ్ల తర్వాత, 2020 ఫిబ్రవరి 29న, ఖతార్‌లోని దోహాలో, తన సైన్యాన్ని వెనక్కి తీసుకుపోతానని అమెరికా తాలిబన్లతోనే సంతకాలు చేసింది. ఆ ఒప్పందంలో ఆడవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. లారా బుష్ ప్రసంగం నుంచి ఆ సంతకాల దాకా మధ్యలో నలభై వేలకు పైగా మామూలు జనం చచ్చిపోయారు. చింతచెట్టు కింద కనీసం ఆ ముసలాయన "బాగా చూసుకోండి" అనైనా అన్నాడు.

నా హాస్టల్ స్నేహితురాలు ఒకామె ఇప్పుడు బళ్లో టీచర్, ఈ మాటల మీద మేమిద్దరం చాలాసార్లు గొడవపడ్డాం. "ఆ ఇరవై ఏళ్లు లేకపోతే అన్ని లక్షల ఆడపిల్లలు బడికి పోయేవాళ్లా? జడ్జీలు, జర్నలిస్టులు అయ్యేవాళ్లా? నువ్వు తిరుపతిలో కూర్చుని సులభంగా చెబుతావు" అంటుంది. ఆమె మాటలో నిజముంది. అమెరికాలో స్త్రీవాద సంఘాలు కూడా ఈ విషయంలో రెండుగా చీలిపోయాయి, తాలిబన్ల మీద ఏళ్ల తరబడి పోరాడి చివరికి యుద్ధాన్ని సమర్థించినవాళ్లూ ఉన్నారు, వాళ్లందరూ మోసగాళ్లని నేననను. ఆ చదువులు నిజం, ఆ ఉద్యోగాలు నిజం. కానీ అవి బాంబులు తెచ్చినవా, టీచర్లు తెచ్చినవా? తాలిబన్ల మొదటి పాలనలో హెరాత్ అనే ఆఫ్ఘన్ ఊళ్లో ఆడవాళ్లు కుట్టుపని నేర్చుకుంటున్నామని చెప్పి, సంచిలో పైన బట్టా సూదీ దారం, అడుగున పుస్తకం పెట్టుకుని సాహిత్యం చదువుకోవడానికి పోయేవాళ్లు. ఏ సైన్యమూ రాకముందే వాళ్లు ఆ పని చేస్తున్నారు. 2021లో తాలిబన్లు మళ్లీ గద్దెనెక్కి, 2022 మార్చిలో బడి తెరిచిన రోజే ఆడపిల్లలను మళ్లీ ఇంటికి పంపేశాక, డిసెంబర్‌లో యూనివర్సిటీలు కూడా మూసేశాక, ఇళ్లల్లో చాటుగా పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. కాబూల్ వీధుల్లో దెబ్బలు తింటూ "నాన్, కార్, ఆజాదీ", అన్నం, పని, స్వేచ్ఛ అని అరిచిన ఆడవాళ్ల పక్కన అప్పుడు ఏ దేశమూ లేదు, పైగా ఆఫ్ఘనిస్తాన్ కేంద్ర బ్యాంకు సొమ్ము సుమారు 700 కోట్ల డాలర్లను అమెరికా తన దగ్గరే బిగబట్టుకుంది.

ఇంకోటి. పల్లెల సంగతి మనకు ఎవరూ చూపించలేదు. కాబూల్లో అమ్మాయి కాలేజీకి పోతున్న రోజుల్లోనే దక్షిణాన హెల్మండ్ పల్లెల్లో అర్ధరాత్రి సైనికులు తలుపులు బద్దలుకొట్టి ఇళ్లల్లోకి వచ్చేవాళ్లు. కొడుకునో మొగుణ్ణో అలా పోగొట్టుకున్న ఆడమనిషికి, ఆ సైన్యం నీ హక్కుల కోసమే వచ్చిందని ఎవరు చెప్పగలరు? హక్కు అనే మాటే ఆమెకు శత్రువు మాటగా వినిపించదా?

ఈ ఎత్తుగడ బుష్ కనిపెట్టింది కాదు. ఈజిప్టును 1883 నుంచి 1907 దాకా ఏలిన ఇంగ్లీషు దొర లార్డ్ క్రోమర్, ఇక్కడి ఆడవాళ్లను వీళ్ల మతం తొక్కేస్తోంది, పరదా వల్లే ఈ దేశం వెనకబడింది అని చెప్పుకొచ్చాడు. చెబుతూనే బడి ఫీజులు పెంచాడు. తన దేశానికి తిరిగి పోయాక ఇంగ్లీషు ఆడవాళ్లకు ఓటు ఇవ్వకూడదని పెట్టిన మగవాళ్ల సంఘానికి నాయకుడయ్యాడు! మన సంగతీ అదే. 1927లో కాథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి మన బాల్యవివాహాలనూ చిన్నవయసు కాన్పులనూ చూపించి, వీళ్లు స్వరాజ్యానికి పనికిరారని పుస్తకం రాసింది. ఆమె రాసిన బాధల్లో చాలా వరకు నిజమే. మన ఆడవాళ్లు అప్పుడు చేసిన పని నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది: ఆ పుస్తకాన్ని తిప్పికొట్టారు, అదే నోటితో బాల్యవివాహాల్ని ఆపమని మన మగవాళ్లనూ ఇంగ్లీషు ప్రభుత్వాన్నీ నిలదీశారు. 1929లో శారదా చట్టం వచ్చింది. మా బాధ మాదే, దాన్ని చూపించి మా దేశాన్ని నీ చేతిలో పెట్టుకోవద్దు అన్నారు. మా అత్తగారింటితో నాకు తగువుంది, నువ్వు తోట తీసుకోవద్దు అన్నట్టు.

ఇరాక్ గురించి ఎక్కువ రాయను. అక్కడ 1959 నుంచి ఆడవాళ్లకు కొంత రక్షణ ఇచ్చే కుటుంబ చట్టం ఉండేది, అమెరికా ఆక్రమించిన ఏడాది, 2003 డిసెంబర్‌లో, వాళ్లు కూర్చోబెట్టిన పాలకమండలే దాన్ని రద్దు చెయ్యబోయింది. ఇరాకీ ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చి రెండు నెలల్లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తిప్పించారు.

2025 జూన్‌లో ఇంకోసారి చూశాం. ఇరాన్‌లో 2022 సెప్టెంబర్‌లో జుట్టు సరిగా కప్పుకోలేదని పట్టుకుపోయిన మహ్సా అమీనీ చనిపోయాక, "స్త్రీ, జీవితం, స్వేచ్ఛ" అని అమ్మాయిలు ప్రాణాలకు తెగించి రోడ్ల మీదికి వచ్చారు. ఆ నినాదం కుర్దు ఆడవాళ్ల ఉద్యమంలో పుట్టింది. ఇజ్రాయెల్ విమానాలు టెహ్రాన్ మీద బాంబులు వేస్తున్న రోజున ఆ దేశ ప్రధాని నెతన్యాహు వీడియోలో అదే నినాదం చదివాడు. నేను పాఠం చెప్పే క్లాసులో ఒకమ్మాయి ఆ వీడియో తెచ్చి "ఇది మంచిదే కదా మేడం?" అని అడిగింది. నేను 2001లో చప్పట్లు కొట్టినప్పుడు నాదీ దాదాపు అదే వయసు, అందుకే ఆ పిల్లను కసరలేకపోయాను. జైలు పాలైనా నోరు మూయని నర్గిస్ మొహమ్మదీ, షిరిన్ ఎబాదీ, ఇద్దరూ నోబెల్ శాంతి బహుమతి పొందినవాళ్లు, యుద్ధం ఆపమని సంతకం పెట్టిన ప్రకటన చూపించాను. తర్వాతి వారం ఎవిన్ జైలు మీదే బాంబులు పడ్డాయి. ఇరాన్ ప్రభుత్వాన్ని ఎదిరించినవాళ్లను పెట్టే జైలు అది. తమవాళ్లను చూసుకోవడానికి వచ్చిన బంధువులు కూడా ఆ గోడల కింద పోయారు. ఆ అమ్మాయి మరుసటి రోజు వచ్చి "మేడం, వాళ్ల నినాదం వాళ్ల మీదే వేసినట్టుంది" అంది.

అయితే ఇదంతా తెల్లవాళ్లూ విదేశాలూ చేసే పని అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో, కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు మా మీద అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆదివాసీ ఆడవాళ్లు చెప్పారు. పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్‌లో దర్యాప్తు సరిగా చెయ్యలేదని తప్పుపడుతూనే పదమూడు మంది పోలీసులనూ కోర్టు వదిలేసింది, ఆ ఆడవాళ్లకు పరిహారం మాత్రం ఇమ్మంది. ఆదివాసీలను కాపాడటానికే ఆ బలగాలు అడవిలో ఉన్నాయని మనకు చెబుతారు.

ఇక మన సిందూరం. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు, భార్యల కళ్ల ముందే భర్తలను కాల్చారు, వాళ్లలో మన పక్క జిల్లా కావలి మనిషీ ఉన్నాడు. చంపినవాళ్లను పట్టుకోవాలి, శిక్షించాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. నాకు నొప్పి కలిగింది ఆ పేరు దగ్గర. దానికి బదులుగా మే నెలలో పాకిస్తాన్ మీద చేసిన సైనిక చర్యకు ఆపరేషన్ సిందూర్ అని, పెళ్లయిన ఆడవాళ్లు పెట్టుకునే సిందూరం పేరు పెట్టారు. మన పక్క పసుపుకుంకుమ అంటామే, అదే. చిన్నమ్మ తోటకూ అదే పేరు ఉండేది. పేరు ఆమెది, తోట గుత్తకిచ్చేది ఒకరు, తోట కోసం కొట్టుకునేది ఇంకొకరు. నాలుగు రోజులు అటూ ఇటూ నిప్పులు కురిశాక శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు జెండా కప్పిన పెట్టె వచ్చింది, ఆ తల్లికి ఒక్కడే కొడుకు. సరిహద్దు అవతల ఏడ్చిన ఆడవాళ్లను మన టీవీల్లో చూపించరు, వాళ్లూ ఏడ్చే ఉంటారు.

మే నెల మాకు గంగమ్మ జాతర నెల. తాతయ్యగుంట గంగమ్మకు పొంగలి పెట్టాలని ఆ ఏడు చిన్నమ్మ వారం ముందే మా ఇంటికి వచ్చింది. చిన్నాయన పోయి పదేళ్లయింది. చిన్నమ్మ నిజానికి ఆయన ఉండగానే కొడుకును తీసుకుని తిరుపతి వచ్చేసి, ఒక హాస్టల్లో వంట చేసి వాణ్ణి చదివించింది. మిగిలిన ఆ ఎకరం తన పేరు మీద రాయించుకోవడానికి ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగిందో నాకు తెలుసు. అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే ఆమె అడిగేది అదే కదా, ఒక గది, ఒక కాగితం. కట్టెలు కాదు.

రాత్రి చిక్కుడుకాయలు ఒలుస్తూ గంగమ్మ కథ చెప్పింది, నేను నూరుసార్లు విన్నదే. పాలెగాడు ఊళ్లో కొత్త పెళ్లికూతుళ్లను చెరుస్తుంటాడు, గంగమ్మ జోలికీ వస్తాడు, ఆమె నిజరూపం చూసి పారిపోయి దాక్కుంటాడు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వేసుకుంటూ రోజుకో రూపంలో ఆమె వాణ్ణి వెతుకుతుంది, దొర వేషంలో వస్తే దొరే వచ్చాడనుకుని బయటికొస్తాడు, తల నరుకుతుంది. ఇంత వరకు అందరూ చెబుతారు. చిన్నమ్మ మాత్రం తర్వాతి రోజు మాతంగి వేషం దగ్గర ఆగుతుంది ఎప్పుడూ. "వాణ్ణొక్కణ్ణే వెతికింది మే, ఊరు కాల్చలా. మర్సనాడు మాతంగి అయి వాడి పెండ్లాం కాడికి పోయింది. మొగుడు పోయినాడని ఏడస్తావుండాదే ఆయమ్మ, భయపడొద్దులే అని చెప్పేదానికి పోయింది."

అప్పుడే టీవీలో పహల్గాంలో భర్తను పోగొట్టుకున్న ఒక అమ్మాయి కనిపించింది. నేవీ అధికారి భార్య, పెళ్లయి వారం కూడా కాలేదు పాపం. ఆమె ఆ రోజు చెప్పింది నేను ఫోన్లో అప్పటికే చదివాను: మాకు న్యాయం కావాలి, కానీ ముస్లింల మీదికీ కాశ్మీరీల మీదికీ పోవద్దు, శాంతి కావాలి అంది. ఆ ఒక్క మాటకు, అంతకు ముందు రోజు దాకా ఆమె ఫొటో పెట్టుకుని ఏడ్చినవాళ్లే ఆమెను నోటికి రాని బూతులు తిట్టారు. మేము చూస్తున్న ఛానల్లో ఆమె పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం యాంకర్‌ది. ప్రతీకారం, ప్రతీకారం అని అరుస్తున్నాడు.

చిన్నమ్మ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టింది.

"ఆ పాప ఏందో చెప్తావుండాది కదా మే. వాడి గొంతు తీసేసి ఆ పాపది పెట్టు, విందాం."

రిమోట్ తీసుకుని ఛానల్ మార్చాను. అక్కడా ఆమె బొమ్మే ఉంది, అక్కడా ఇంకెవరో మాట్లాడుతున్నారు. ఇంకోటి మార్చాను.